బొమ్మలేసేవాళ్లు మెయిల్ ఐడీలు కూడా అడగండి

హనుమకొండలోనో చేర్యాలలోనో బొమ్మలు వేసి ఇన్‌స్టాలో పెట్టేవాళ్లకు ఒక మాట: ఫాలోవర్లు ఎంతమంది ఉన్నా మీ పోస్టు ఎవరికి కనిపించాలో ఆ యాపే తేలుస్తుంది, మెయిల్ అయితే నేరుగా వాళ్ల ఇన్‌బాక్సుకే పోతుంది. అందుకే ఎక్కడ స్టాల్ పెట్టినా బిల్లు బుక్కు పక్కన ఒక నోట్‌బుక్ పెట్టి, "నెలకొక ఉత్తరం పంపిస్తా, ఇష్టమైతే మెయిల్ ఐడీ రాయండి" అని అడగండి. అడగకుండా విజిటింగ్ కార్డుల్లోంచి ఎక్కించుకోవద్దు, స్పామ్ కొట్టేస్తారు.

ఏం రాయాలని చాలామందికి టెన్షన్. మీ పని గురించే రాయండి. చేర్యాల నకాషీ బొమ్మే (గుడ్డ మీద కథలు గీసే పటం) తీసుకుంటే, ఖాదీ గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల జిగురు, బంక కలిపి పూత వేయడం మీకు రోజూ ఉండేదే, కానీ బెంగళూరులో కూర్చున్నవాళ్లకు అదే వింత. ఆ పూత ఫొటో ఒకటి, నాలుగు ముక్కలు, చివర్లో అమ్మకానికున్న ఒకే ఒక్క బొమ్మ, ధరతో సహా. ధర దాచి "మెసేజ్ చేయండి" అంటే చాలామంది అక్కడే ఆగిపోతారు (నేనైతే ఆగిపోతా). సబ్జెక్టు లైన్లో "న్యూస్‌లెటర్ 4" అని పెడితే ఎవరు తెరుస్తారు? "గుడ్డ మీద ముందు ఎరుపే ఎందుకు?" లాంటిది పెట్టండి.

మామూలు జీమెయిల్ నుంచి రోజుకు 500 మందికే పంపగలం, పైగా అందరి అడ్రసులూ 'టు'లో పెడితే ఒకరివి ఒకరికి కనిపిస్తాయి. ఇలా మెయిల్ ఉత్తరాలు పంపడానికే ఉన్న సబ్‌స్టాక్ లాంటి సైటులో ఉచితంగానే మొదలుపెట్టొచ్చు, వద్దనుకున్నవాళ్లు వాళ్లే తప్పుకుంటారు. లిస్టును మాత్రం అప్పుడప్పుడు డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.