ట్రైనింగ్ ముందు యాప్ రిలీజ్ ఉందా? తేదీ నుంచి వెనక్కి లెక్కేయండి

భీమవరంలో రొయ్యల రైతులకు చెరువు లెక్కల యాప్ మీద ట్రైనింగ్ పెట్టారనుకోండి. హాలు బుక్ అయ్యాక, రైతులకు కబురు వెళ్లాక ఆ తేదీ ఇక మన చేతుల్లో ఉండదు. కాబట్టి కోడ్ ఎప్పటికి అవుతుందా అని చూడకుండా ట్రైనింగ్ రోజు నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రండి. తేదీ ఖాయం చేసేముందు మాత్రం రైతులను అడగండి. సంక్రాంతి వారంలో మా వైపు ఎవరూ రారు, పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మే) రోజుల్లో చెరువు గట్టు వదలరు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది కదా, రాత్రంతా ఏరేటర్ల (నీళ్లలోకి గాలి ఎక్కించే మిషన్ల) దగ్గర ఉన్న మనిషిని ఎనిమిదింటికే రమ్మనకండి, పది గంటలకు పెట్టండి.

ఆరు వారాల ముందు కొత్త ఫీచర్లు ఆపేయాలి. గిట్‌లో (కోడ్ మార్పులన్నీ దాచిపెట్టే టూల్) రిలీజ్ బ్రాంచ్, అంటే విడుదలకు వెళ్లే కోడ్ కాపీ, విడిగా తీసి, అందులోకి బగ్ ఫిక్సులు తప్ప ఇంకేమీ రానివ్వకండి. "ఇదొక్కటే, చిన్నదే" అంటూ ఎవరో ఒకరు వస్తారు, దాన్ని తర్వాతి వెర్షన్‌కి రాసిపెట్టండి.

నాలుగు వారాల ముందు స్క్రీన్ మీద మాటలు కూడా ఖాయం అయిపోవాలి. చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు గానీ, ట్రైనింగ్‌కి అన్నిటికంటే ముఖ్యం ఇదే. ట్రైనింగ్‌లో ఇచ్చే పుస్తకంలో "మేత నమోదు" అని ఉండి ఫోన్‌లో "ఆహార వివరాలు" అని కనిపిస్తే హాలంతా అక్కడే ఆగిపోతుంది, ట్రైనర్ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి చూపించాల్సి వస్తుంది. మాటలు ఖాయమయ్యాకే స్క్రీన్‌షాట్లు తీసి పుస్తకం ప్రింటింగ్‌కి ఇవ్వండి. తెలుగు మాటలు పొడుగ్గా ఉంటే చిన్న ఫోన్లలో బటన్ మీద సగానికి తెగిపోతాయి, తక్కువ ధర ఫోన్ ఒకటి దగ్గర పెట్టుకుని చూడండి.

మూడు వారాల ముందు రిలీజ్ క్యాండిడేట్‌ని, అంటే విడుదలకు దాదాపు సిద్ధమైన వెర్షన్‌ని, ట్రైనర్లకూ, ఉండి, ఆకివీడు వైపు నలుగురైదుగురు రైతులకూ ఇచ్చి నిజం చెరువు లెక్కలే వేయించండి. ఎంటర్ చేసిన డేటా పోవడం, యాప్ మూసుకుపోవడం, ఎఫ్‌సీఆర్ (కిలో రొయ్య పెరగడానికి ఎన్ని కిలోల మేత పట్టిందనే లెక్క) తప్పు రావడం: ఇవి తప్పనిసరిగా సరిచేయాలి. ఎఫ్‌సీఆర్ ఒక్కసారి తప్పు చూపిస్తే రైతు మళ్లీ ఆ యాప్ ముట్టుకోడు. రంగు బాలేదు, ఐకాన్ చిన్నగా ఉంది లాంటివి తర్వాత చూసుకోవచ్చు.

రెండు వారాల ముందు ప్లే స్టోర్‌లో పెట్టేయండి. రివ్యూకి ఒక్కోసారి వారం కూడా పడుతుంది. కొద్దిమందికే వెళ్లేలా దశలవారీగా విడుదల చేస్తే, ట్రైనింగ్ నాటికి నూరు శాతానికి పెంచారో లేదో చూసుకోండి, లేకపోతే హాల్లో సగం మందికి పాత వెర్షనే ఉంటుంది.

ఇక్కడే ఒక పెద్ద చిక్కుంది. హాల్లో నెట్ రాకపోతే పనికొస్తుందని ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్‌ని నేరుగా ఎక్కించే ఫైల్) పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్తాం, తీసుకెళ్లాలి కూడా. కానీ అది డెవలపర్ ల్యాప్‌టాప్‌లో పరీక్షల కోసం తయారైన డీబగ్ బిల్డ్ కాకూడదు. దాని సంతకం (యాప్ ఎవరిదో ఫోన్‌కి చెప్పే డిజిటల్ గుర్తు), స్టోర్‌లో ఉన్న యాప్ సంతకం వేరైతే ఆండ్రాయిడ్ దాని మీద తర్వాతి అప్‌డేట్ ఎక్కనివ్వదు. పాతది తీసేసి కొత్తది వేసుకోమంటే, సర్వర్‌కి ఇంకా చేరని చెరువు లెక్కలన్నీ దాంతో పాటే పోతాయి. అందుకే ప్లే కన్సోల్ (డెవలపర్లు ప్లే స్టోర్‌లో యాప్ పెట్టే సైట్) నుంచి దించుకున్న, స్టోర్ సంతకం ఉన్న ఏపీకేనే తీసుకెళ్లండి.

చివరి వారం కోడ్ ముట్టుకోవద్దు. ట్రైనర్లు అదే వెర్షన్‌తో, నెట్ ఆపేసి, మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చేసి చూడాలి. మరీ పెద్ద బగ్ బయటపడితే 2.3.0 కాస్తా 2.3.1 అవుతుంది, ఆ ఒక్క ఫిక్సే వెళ్తుంది, పంపాలా వద్దా అనేది ఒక్కరే తేల్చాలి. ఎవరు అన్నది ముందే అనుకోండి, అర్ధరాత్రి ఫోన్లలో తేల్చుకునే టెన్షన్ ఉండదు.

ట్రైనింగ్ నడుస్తున్న రోజుల్లో స్టోర్‌లో కొత్తదేమీ పెట్టకండి. ఫోన్లు రాత్రి వైఫైలో వాటంతటవే అప్‌డేట్ అయిపోతాయి, రెండో రోజు పొద్దున్నకి స్క్రీన్ మారిపోతుంది. రైతులు అడిగినవన్నీ కాగితం మీద రాసుకుని, వాళ్లు ఇళ్లకు వెళ్లి వారం వాడాక తర్వాతి వెర్షన్ పని మొదలుపెట్టండి.