చిన్నపేగులో అరుదైన అడ్డంకులు – 4వ పాఠం: ఆ గాలి ఎక్కడిది?

పోయినసారి ఇచ్చిన కడుపు సీటీ స్కాన్‌లో ఏముందంటే చాలామంది ఒకే జవాబు రాశారు: "కాలేయంలో గాలి ఉంది, పేగు కుళ్లింది." గాలిని కనిపెట్టారు సరే, అది ఏ నాళంలో ఉందో చూడలేదు. అందుకే ఆబ్ట్యురేటర్ హెర్నియాను (కటి ఎముక రంధ్రంలోకి పేగు దూరడం) వచ్చే పాఠానికి జరిపాను.

పైత్యరసం అంచుల నుంచి కాలేయం మధ్యకు వస్తుంది. అందుకే పిత్తనాళాల్లో దూరిన గాలి మధ్యలోనే, హైలమ్ (నాళాలు కాలేయంలోకి వచ్చిపోయే చోటు) చుట్టూ ఉంటుంది. పేగుల నుంచి పోర్టల్ సిర తెచ్చే రక్తం కాలేయం మధ్య నుంచి అంచులకు పోతుంది, గాలినీ తనతో తోసుకుపోతుంది. కాలేయం పైపొరకు 2 సెం.మీ. లోపు కూడా సన్నటి నల్లగీతలు ఉంటే పోర్టల్ సిర గాలి అనుకోండి, పేగుకు రక్తం అందుతోందో లేదో చూడండి. మనం చూసిన సీటీలో గాలి మధ్యలోనే ఉంది.

అలాంటప్పుడు మొదటి ప్రశ్న: ఈఆర్‌సీపీలో (నోటి గుండా ఎండోస్కోప్ వేసి పిత్తనాళాన్ని చూసే పద్ధతి) స్ఫింక్టర్ (పిత్తనాళం చివరి కండర కట్టు) కోశారా? పిత్తనాళాన్ని పేగుకు కలిపే ఆపరేషన్ జరిగిందా? రెండూ లేకపోతే గాల్ బ్లాడర్‌కూ డ్యుయోడినమ్‌కూ (చిన్నపేగు మొదటి భాగం) మధ్య దారి పడి, రాయి పేగులోకి జారి అడ్డుపడిందేమో (గాల్‌స్టోన్ ఇలియస్) వెతకాలి. పిత్తనాళాల్లో గాలి, ఉబ్బిన చిన్నపేగు, ఉండకూడని చోట రాయి: 1941లో రిగ్లర్ బృందం చెప్పిన గుర్తులివే. మూడూ కనిపించి తీరాలని పట్టుబట్టకండి. కాల్షియం లేని రాయి సీటీలోనూ తప్పించుకుంటుంది. ఉబ్బిన పేగు సన్నబడే చోట ఆగి వెతకండి. అది ఎక్కువగా ఇలియమ్ (చిన్నపేగు చివరి భాగం) చివర్లోనే.

రైల్స్ ట్యూబ్ (ముక్కు నుంచి కడుపులోకి వేసే గొట్టం), ఫ్లూయిడ్స్, పొటాషియం సంగతి మీకు తెలిసిందే. ఆపరేషన్‌లో రాయి ఇరుక్కున్న చోటే కోయొద్దు, అక్కడి గోడ ఒత్తిడికి దెబ్బతిని ఉంటుంది. రాయిని మెల్లగా పైకి నెట్టి, మంచి పేగు మీద నిలువుగా కోసి తీసి, అడ్డంగా కుట్టండి. రాయికి నునుపైన పలకలుంటే ఇంకోటి ఉండే అవకాశముంది, పేగంతా తడిమి చూడాలి. వయసు పైబడి నీరసించిన రోగిలో నేను గాల్ బ్లాడర్ జోలికి పోను.

అభ్యాసం: పది పాత సీటీలు తీసుకోండి. సీకమ్ (పెద్దపేగు మొదలు) దగ్గర మొదలుపెట్టి డీజే ఫ్లెక్షర్ (డ్యుయోడినమ్ తర్వాతి చిన్నపేగుతో కలిసే మలుపు) దాకా చిన్నపేగును వెనక్కి పట్టుకుంటూ వెళ్లండి. దారి తప్పిన ప్రతిచోటా స్లైస్ నంబర్ రాసుకుని, మళ్లీ సీకమ్ నుంచే మొదలుపెట్టండి.