అగ్వాహే చెట్టెక్కే ముందు చూసుకోవాల్సినవి

పెరూలోని లోరెటో చిత్తడి అడవుల్లో అగ్వాహే తాటిజాతి చెట్టు. కాయలు కాసేది ఆడచెట్టే. కోయడానికి దాన్ని నరికేస్తే మిగిలేవి మగచెట్లు మాత్రమే. అందుకే ఎక్కి కోయడం.

• ముందురోజు వాన పడిందా? మాను జారుతుంది. ఆ రోజుకు మానేయండి, పండు ఎక్కడికీ పోదు.

• నడుముకు, పాదాలకు వేసే పట్టీలు, తాళ్లు కింద ఉండగానే ఒక్కొక్కటీ వేళ్లతో తడిమి చూడండి. పోగులు లేచిన చోట, ముడి దగ్గర అరిగిన చోట ఆగండి. మన గీత కార్మికుల మోకు లాగే, ప్రాణమంతా దీనిమీదే. అనుమానం వస్తే ఆ తాడు పక్కన పెట్టేయాల్సిందే.

• మాను మొదట్లో కత్తి వెనకవైపుతో తట్టండి. డొల్ల చప్పుడొస్తే ఎక్కొద్దు. తల ఎండిన మోడులో మకావ్ చిలకలు గూడు పెడతాయి, దాన్ని అసలు ముట్టుకోకండి.

• పైన వేలాడే ఎండుమట్టల్లో కందిరీగలు ఉండొచ్చు. కాసేపు నిలబడి పైకి చూడండి.

• కత్తిని తాడుతో కట్టుకోండి. కింద ఉన్నవాళ్లు మాను దగ్గర నిలబడకూడదు. పదుల కిలోల గెల మీద పడితే ఇంకేముంది!

• గెలను తాడు కట్టి దించండి. విసిరేస్తే పండు నలిగి, బేరం పోతుంది.

• పచ్చి మట్టలు, మొవ్వు కోయొద్దు. పండని గెలలు వదిలేయండి. జంతువులకూ కొంత ఉంచండి, విత్తనాలు మోసుకెళ్లేవి అవే.

• ఒంటరిగా మాత్రం వెళ్లొద్దు.