శ్రీశ్రీని చదవడం ఎలా మొదలుపెట్టాలి

కొత్తగా 'మహాప్రస్థానం' కొనుక్కున్న పిల్లలు "ఎక్కణ్ణుంచి చదవాలి మాస్టారూ?" అని అడుగుతుంటారు. ముందు ఒక పెన్సిల్ తెచ్చుకోమంటాను. ప్రతి కవిత పక్కనా ఏ ఏడాదిదో రాసుకోవాలి. ఆ ఏడాది కవి ఏం చేస్తున్నాడో తెలిస్తే దాన్ని కూడా.

ముందు పైకి చదవండి, గదిలో అటూ ఇటూ నడుస్తూ. 1934లో రాసిన 'మహాప్రస్థానం' గీతంలో "పదండి ముందుకు" దగ్గర అడుగుల చప్పుడు వినండి. మాత్ర అంటే ఒక పొట్టి అక్షరం పలికేంత సేపు. పదండి నాలుగు మాత్రలు, ముందుకు నాలుగు మాత్రలు. కవాతులా సాగుతుంది. వెంటనే 'బాటసారి' తియ్యండి. "కూటి కోసం, కూలి కోసం": మూడూ నాలుగూ కలిసి ఏడు మాత్రలు, గురజాడ వాడిన 'ముత్యాల సరం' అనే ఛందస్సు నడక. ఇక్కడ గుంపు లేదు. పని వెతుక్కుంటూ పట్నానికి బయల్దేరినవాడు ఒంటరిగా దారి తప్పి కూలిపోతున్నాడు. అడుగు బరువెక్కడం మీ నోటికే తెలుస్తుంది. ఇది పట్టుబడితే సగం శ్రీశ్రీ మీకు దక్కినట్టే.

ఛందస్సు రాక వదిలేశాడని ఎవరైనా అంటే నమ్మకండి. 1928లో వచ్చిన 'ప్రభవ' చూడండి, అది పాత పద్ధతి పద్యాల పుస్తకం.

చలం 'యోగ్యతాపత్రం' ముందే చదవొద్దు. అద్భుతమైన ముందుమాట, కానీ ఆ గొంతు మీ చెవిలో నిండిపోతుంది. దాని బదులు అంకితం చదవండి. కొంపెల్ల జనార్దనరావు 1937లో పోయాడు, పుస్తకం 1950లో వచ్చింది. అన్నేళ్ల తర్వాత కూడా స్నేహితుణ్ణి మరవలేదు. శ్రీశ్రీ అంటే నినాదమే అనుకునేవాళ్లకి నేను మొదట చూపించేది ఈ పేజీనే.

తర్వాత 'ఖడ్గసృష్టి' (1966). అక్కణ్ణుంచి నేరుగా 1970కి రండి, అక్కడ మాత్రం ఆగాలి. పుట్టిన ఊరు విశాఖపట్నంలో షష్టిపూర్తి సన్మానం జరుగుతున్న రోజుల్లోనే విద్యార్థులు ఒక కరపత్రం పంచారు. రచయితలారా, మీరెటు వైపు అన్నది వాళ్ల ప్రశ్న. ఆ జులై 4న హైదరాబాద్‌లో విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. తొలి అధ్యక్షుడు శ్రీశ్రీ. అరవయ్యేళ్ల మనిషి, అప్పటికే మహాకవి అనిపించుకున్నవాడు, శాలువా కప్పించుకుని ఇంట్లో కూర్చోవచ్చు. కూర్చోలేదు. 1980 నాటి 'మరో ప్రస్థానం' చదివేటప్పుడు ఈ సంగతి పక్కన పెట్టుకోండి.

సినిమా పాటలు పొట్టకూటివని దాటేయకండి. "తెలుగు వీర లేవరా"కి జాతీయ అవార్డు వచ్చింది. అది కూడా పైకి పాడి చూడాల్సిందే.

'అనంతం' ఆఖరికి ఉంచుకోండి. అందులో తన జీవితాన్ని వరసగా చెప్పడు, జ్ఞాపకం ఎటు పోతే అటు వెళ్తాడు. అప్పటికి మీ పుస్తకాల అంచుల్లో పెన్సిల్‌తో రాసుకున్న ఏళ్లు ఉంటాయి కాబట్టి ఎక్కడా తప్పిపోరు.