ఫ్రెండ్స్‌తో మొదటిసారి కనూలో నదిలోకి వెళ్తున్నారా? బోల్తా పడకుండా రావడం ఎలా

ప్రతిసారీ ఇదే చూస్తున్నా. ఆరుగురు ఫ్రెండ్స్, మూడు కనూలు (తెడ్లతో నడిపే సన్నటి చిన్న పడవలు), తెడ్డు ఎలా పట్టుకోవాలో ఒక్కరికీ తెలీదు, ఒడ్డున ఫొటోలు దిగేసి నీళ్లలోకి తోసేస్తారు, అరగంట తిరక్కముందే ఒక పడవ బోల్తా పడి ఉంటుంది, ఇద్దరు నీళ్లలో ఉంటారు, మిగతావాళ్లు తలా ఒకటి అరుస్తుంటారు. కనూ నడపడం కష్టమేం కాదు. కానీ ఒక్క విషయం మాత్రం ముందే తెలిసుండాలి, అదేమో ఎవరూ చెప్పరు. మిగతావి గబగబా చెప్పేసి దాని దగ్గరికి వస్తా.

సామాన్లు: ఒంటికి సరిపోయే లైఫ్ జాకెట్ (భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే గడ్డం దాటి రాకూడదు), హెల్మెట్, విజిల్, కాలికి గట్టిగా పట్టుండే బూట్లు, ఒక తెడ్డు ఎక్స్‌ట్రా, విసరడానికి 15 మీటర్ల తాడు. ఆ తాడు చేతికి మాత్రం చుట్టుకోవద్దు. ఫోన్లు, పొడి బట్టలు నీళ్లు దూరని బ్యాగ్‌లో. జీన్స్ వద్దు. అంతే.

నది సంగతి. ర్యాపిడ్స్‌ని, అంటే నీళ్లు రాళ్ల మధ్య స్పీడుగా ఎగిసిపడుతూ పారే చోట్లని, తేలికైన క్లాస్ 1 నుంచి కష్టమైన 6 దాకా లెక్కేస్తారు, మొదటిసారికి క్లాస్ 1 చాలు. వాన పడి నీళ్లు బురదగా ఉండి కొమ్మలు కొట్టుకొస్తుంటే ఆ రోజుకి మానేయండి, లీవ్ పెట్టేశాం డబ్బు కట్టేశాం అని దిగొద్దు. దారిలో చిన్న ఆనకట్టలు ఉన్నాయేమో కూడా ముందే కనుక్కోండి. నడుమెత్తే కదా అనిపిస్తుంది, కానీ దాని కింద నీళ్లు వెనక్కి తిరుగుతూ మనిషిని అక్కడే తిప్పుతుంటాయి, బయటికి వదలవు. అలాంటిచోట ముందే ఒడ్డెక్కి పడవ మోసుకుపోవాల్సిందే.

కూర్చోవడం: మోకాళ్ల మీద. సీటు ఉంది కదా అంటారు, ఉన్నా సరే, నీళ్లు కదులుతున్నచోట మోకాళ్ల మీదే, బరువు కిందికి దిగితేనే పడవ నిలకడగా ఉంటుంది. వెనకున్నవాళ్లు దిశ తిప్పుతారు, ముందున్నవాళ్లు బండలు చూసి చెప్తారు. ఇక్కడ నా రూల్ ఒకటుంది, "బండ!" అని అరవకూడదు, ఎటు వెళ్లాలో అదే చెప్పాలి, కుడి అంటే కుడికి వెళ్లమని, అంతే. కొంతమంది బండ ఎటుందో చెప్పే పద్ధతి పెట్టుకుంటారు, అది పనికిరాదు, వెనకున్న మనిషి విని, ఉల్టా చేసుకుని, తెడ్డు వేసేలోపు బండ వచ్చేస్తుంది.

నీళ్లు చదవడం కూడా తేలికే. నీటి మీద వి ఆకారం కొన దిగువకి చూపిస్తే అది దారి, ఎగువకి చూపిస్తే ఆ కొన దగ్గర బండ ఉంది. మలుపుల్లో బయటి అంచున ప్రవాహం స్పీడు, కూలిన చెట్లు తగులుకునేదీ అక్కడే, అందుకని లోపలి అంచుకి దగ్గరగా ఉండండి.

ఇప్పుడు అసలు సంగతి, పడవ బండకి అడ్డంగా తగలడం. ఎంత జాగ్రత్తగా ఉన్నా కొత్తవాళ్లకి ఇది జరుగుతుంది. పడవ అడ్డం తిరుగుతుంది, బండ మీదికి వస్తుంటుంది, అప్పుడు మన ఒళ్లు తనంతట తాను బండకి దూరంగా, ఎగువ వైపుకి వాలిపోతుంది. చేయకూడనిది సరిగ్గా అదే. ఎగువ అంచు కిందికి దిగగానే ప్రవాహం మొత్తం ఆ అంచు మీంచి లోపలికి దూకుతుంది, రెండు సెకన్లలో పడవ నిండుతుంది, నిండిన పడవలో నీళ్ల బరువే కొన్ని వందల కిలోలు. దానికి తోడు ప్రవాహం వేగం రెట్టింపైతే తోసే బలం నాలుగింతలు అవుతుంది, పడవ బండకి చుట్టుకుపోయి మడత పడుతుంది.

కాబట్టి బండ వైపే ఒరగండి. ఇద్దరూ, ఒకేసారి, బండ మీద చేతులు వేసేంతగా. ఎగువ అంచు పైకి లేస్తుంది, నీళ్లు పడవ అడుగు కిందనుంచి పోతాయి, మీకు టైమ్ దొరుకుతుంది. అప్పుడు కంగారు పడకుండా బండని చేతులతో తోస్తూ ముందుకో వెనక్కో జరిగితే ఏదో ఒక కొన ప్రవాహంలోకి వెళ్లి పడవ దానంతట అదే తిరిగి బయటపడుతుంది. ఒకసారి మా గ్రూపులో ముందున్న అమ్మాయి బండ వైపు ఒరిగింది, వెనకున్నతను ఎగువకి ఒరిగాడు, ఆ ఒక్క మనిషి బరువుతోనే పడవ నిండిపోయింది. దాన్ని బండ నుంచి ఊడదీయడానికి అయిదుగురం తాళ్లు కట్టి సాయంత్రం దాకా లాగాం. అందుకే ఇద్దరూ అంటున్నా.

తెడ్డుని బండకి గుచ్చి ఆపడం నేర్పించేవాళ్లు కూడా ఉన్నారు, వినొద్దు, తెడ్డు విరుగుతుంది లేదా పిడి ఎగిరి మొహానికి తగులుతుంది.

అయినా పడిపోయారా? పడవకి ఎగువనే ఉండండి, పడవకీ బండకీ మధ్యలోకి అస్సలు వెళ్లొద్దు. వెల్లకిలా తేలండి, కాళ్లు దిగువకి, కాలివేళ్లు నీటి పైన కనిపించాలి. నిలబడాలనిపిస్తుంది, నడుము లోతే కదా అనిపిస్తుంది, వద్దు. పాదం రాళ్ల సందులో ఇరుక్కుంటే నీళ్లు మనిషిని ముందుకి తోసి ముంచేస్తాయి, నడుము లోతు చాలు దానికి. ఒడ్డు పక్కన నీళ్లు నెమ్మదించి మోకాళ్ల లోపుకి వచ్చాకే లేవండి. ఎదురుగా కూలిన చెట్టు ఉంటే మాత్రం దూరంగా ఈదాలి, ఎందుకంటే కొమ్మల మధ్యనుంచి నీళ్లు పోతాయి, మనిషి పోడు. తప్పించుకోలేకపోతే బోర్లా తిరిగి, తల ముందుకి పెట్టి, గట్టిగా ఈదుకుంటూ వెళ్లి దుంగ మీదికి ఎక్కేయండి. ఒడ్డునున్నవాళ్లు ముందు మనుషుల్ని లెక్కపెట్టాలి, పడవ, బ్యాగులు తర్వాత.

బయల్దేరే ముందు ఒక పావుగంట నిలకడ నీళ్లలో ఇది ప్రాక్టీస్ చేయించండి. ఇద్దరూ పడవలో మోకాళ్ల మీద కూర్చోవాలి, మూడో మనిషి బండ స్థానంలో నీళ్లలో నిలబడి పడవ పక్కని పట్టుకుని "బండ" అనాలి, ఇద్దరూ ఆ మనిషి వైపే ఒరగాలి. ఏ పక్కో ముందే చెప్పకుండా, అటోసారి ఇటోసారి. ఆలోచించకుండా ఒరిగేదాకా, కనీసం పదిసార్లు.