స్ఫటికాల మరకలు వదిలించే ముందు

పలుగు (క్వార్ట్జ్) స్ఫటికం గట్టిది. ఖనిజాల గట్టితనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ కాఠిన్య మాపకంలో దాని స్థానం 7. మామూలుగా దొరికే ఆమ్లాలలో దాన్ని కరిగించగలిగినవి దాదాపు లేవు. ఈ రెండు సంగతులూ తెలిసినవారే శుభ్రం చేసేటప్పుడు ఎక్కువ తెగువ చూపుతారు. రాయికేమీ కాదన్న ధీమాలో, దాన్ని పట్టుకున్న చేతులకూ, దానితో కలిసి పెరిగిన ఇతర ఖనిజాలకూ ఏమవుతుందన్న ఆలోచన వెనకబడిపోతుంది.

మరక ఏమిటో తేలనిదే ఆమ్లం సీసా మూత తీయకూడదు. పసుపు నుంచి ఎర్రటి గోధుమ రంగు వరకు కనిపించే పూతలు చాలావరకు ఇనుము ఆక్సైడ్లే. నల్లని పొర మాంగనీస్ ఆక్సైడ్ కావచ్చు. తెల్లని పొర కాల్సైట్ (కాల్షియం కార్బొనేట్ ఖనిజం) అయితే, ఒక మూలన సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం బొట్టు వేసి భూతద్దంతో చూసినప్పుడు సన్నని బుడగలు జుయ్యిమంటూ పైకి లేస్తాయి. బొట్టు నిశ్చలంగా ఉండిపోతే ఆ తెలుపు వేరొక ఖనిజం అయి ఉండవచ్చు, లేదా స్ఫటికం లోపలిదే కావచ్చు. లోపల చిక్కుకున్న ఇనుము రంగును ఏ ద్రావణమూ అందుకోలేదు కనుక, అలాంటి రాయిని వారాల తరబడి నానబెట్టడం వృథా శ్రమ. అసలు మట్టి మాత్రమే అంటుకున్న రాళ్లకు నీళ్లూ పాత పళ్ల బ్రష్షూ చాలు. ఇనుప తీగల బ్రష్ వాడవద్దు. పలుగు ఉక్కు కన్నా గట్టిది కనుక లోహమే అరిగి రాయిపై బూడిద రంగు గీతలుగా మిగిలి, తర్వాత తుప్పు పడుతుంది.

ఇనుము మరకలకు ఎక్కువమంది వాడేది ఆక్సాలిక్ ఆమ్లం. ఈ పనిలో అతి ముఖ్యమైన జాగ్రత్త వరుసక్రమానిది: రాయిపై కాల్సైట్ ఉంటే ముందుగా దాన్ని వెనిగర్‌తో గానీ సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో గానీ పూర్తిగా తొలగించి, బాగా కడిగిన తర్వాతే ఆక్సాలిక్ ఆమ్లంలో వేయాలి. కాల్షియం మిగిలి ఉంటే అది ఆ ఆమ్లంలోని ఆక్సలేట్‌తో కలిసి కాల్షియం ఆక్సలేట్‌గా, నీటిలో కరగని తెల్లని పూతగా పేరుకుంటుంది. ఒక మరక పోగొట్టబోయి అంతకన్నా మొండి మరకను తెచ్చుకున్నట్లవుతుంది. కుళాయి నీటిలోని కాల్షియం వల్ల కూడా ఇదే జరుగుతుంది కనుక డిస్టిల్డ్ వాటర్ మాత్రమే వాడాలి. లీటరు నీటికి 50 నుంచి 100 గ్రాముల పొడి సరిపోతుంది. ఇనుము కరిగేకొద్దీ ద్రావణం పసుపుపచ్చగా, ఆకుపచ్చ ఛాయతో మారుతుంది. ఆ రంగు బాగా చిక్కబడ్డాక కూడా అదే ద్రావణంలో రాళ్లను వదిలేస్తే స్ఫటిక ముఖాలపై పసుపు ఐరన్ ఆక్సలేట్ పొర పట్టవచ్చు, కాబట్టి ద్రావణాన్ని మార్చడమే మేలు.

ఆక్సాలిక్ ఆమ్లం విషం. శరీరంలోకి వెళితే రక్తంలోని కాల్షియాన్ని పట్టుకుని మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పొడిని కొలిచేటప్పుడు ముక్కుకు మాస్కు, కళ్లకు పక్కలు మూసిన అద్దాలు, చేతులకు నైట్రైల్ గ్లౌజులు తప్పనిసరి. పని వేగంగా కావాలని ద్రావణాన్ని వేడి చేసేవారున్నారు. గాలి ఆడని గదిలో, మరీ ముఖ్యంగా వంటింట్లో ఆ పని చేయకూడదు. వంట పాత్రలూ, లోహపు గిన్నెలూ వద్దు. మూత గట్టిగా పట్టే పాలిథీన్ డబ్బాపై పేరు రాసి పిల్లలకు, జంతువులకు అందని చోట ఉంచాలి. ఏ ఆమ్లాన్ని పలచన చేసినా నీటిలో ఆమ్లం పోయాలే తప్ప ఆమ్లంలో నీరు పోయకూడదు. ఆమ్లం, బ్లీచ్ కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. తుప్పు తీసే పొడులలో ఉండే సోడియం డైథయోనైట్‌కు ఆమ్లం తగిలితే సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది.

హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం మాట ఒక్కటే: ఇంట్లో వద్దు. సిలికాను కరిగించే ఆమ్లం అదే కనుక స్ఫటికం మెరుపు పోతుంది. అంతకన్నా ముఖ్యంగా, చర్మంపై తొలుత నొప్పి తెలియకుండానే లోపలికి ఇంకి ప్రాణం మీదికి తెస్తుంది.

వేడి విషయంలో రాయి కూడా సున్నితమైనదే. అనేక స్ఫటికాల లోపల ద్రవం నిండిన సూక్ష్మ బుడగలు ఉంటాయి. వేడి ద్రావణం నుంచి తీసి చన్నీళ్ల కింద పెడితే ఒక్క క్షణంలో పగులు పాకుతుంది. ధ్వని తరంగాల కంపనాలతో శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ యంత్రం కూడా పగుళ్లున్న రాళ్లకు ప్రమాదమే. అమెథిస్ట్ (ఊదారంగు పలుగు), పొగరంగు పలుగు బలమైన వేడికి రంగు కోల్పోతాయి. పలుగు పక్కనే కాల్సైట్, ఫ్లోరైట్, అపటైట్, పైరైట్ వంటివి అతుక్కుని ఉంటే ఆ నమూనాను మొత్తంగా ఆమ్లంలో ముంచే ముందు వాటిలో ఏది నష్టపోయినా ఫరవాలేదో నిర్ణయించుకోవాలి. కాల్సైట్, అపటైట్ కరిగిపోతాయి. ఆ చిన్న ఖనిజమే నమూనాకు అసలు విలువ అయిన సందర్భాలు తక్కువేమీ కాదు.

వాడిన ఆక్సాలిక్ ద్రావణాన్ని వంటసోడాతో తటస్థం చేస్తే ఆమ్లగుణం పోతుంది గానీ ఆక్సలేట్ విషగుణం పోదు. సున్నం కలిపితే అది కాల్షియం ఆక్సలేట్‌గా అడుగుకు దిగుతుంది. ఆ మడ్డిని, పైతేటను ప్రాంతీయ నిబంధనల ప్రకారం అప్పగించాలి, మొక్కలకు గానీ బావి దగ్గర గానీ పారబోయకూడదు.

రాళ్లను ఆమ్లంలో ఎన్నాళ్లు ఉంచారో కనీసం అన్నాళ్లు శుభ్రమైన డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, నీటిని తరచూ మార్చాలి. చివరి నీటిలో ముంచిన నీలి లిట్మస్ కాగితం ఎరుపెక్కకూడదు. ఆరిన తర్వాత పగుళ్ల అంచున తెల్లని పొడి కనిపిస్తే లోపల ఇంకా ఆమ్లం ఉందని అనుమానించి, రాయిని గ్లౌజులతోనే తిరిగి నీటిలో వేయాలి.