కడుపులో ఉండగా ఓపియాయిడ్స్ పడ్డ పిల్లలు: ఇంటికి తెచ్చుకున్నాక ఏమేం చూసుకోవాలి

ఓపియాయిడ్స్ అంటే హెరాయిన్, కొన్ని గట్టి నొప్పి మాత్రల లాంటి మత్తు మందులు. ఇది అమెరికాలో ఫోస్టర్ కేర్‌లో (సొంతవాళ్లు చూసుకోలేని పిల్లల్ని ప్రభుత్వం వేరే ఇంట్లో ఉంచే పద్ధతి) ఇలాంటి పాపనో బాబునో ఇంటికి తెచ్చుకున్న మనవాళ్ల కోసం, ప్రెగ్నెన్సీలో ఆ అలవాటుకి ట్రీట్‌మెంట్‌గా మెథడోన్ లేదా బ్యూప్రెనార్ఫిన్ (ఇవీ ఓపియాయిడ్సే) తీసుకున్న అమ్మల కోసం కూడా. పుట్టాక ఆ మందు అందక (దీన్నే విత్‌డ్రాయల్ అంటారు) మొదటి రోజుల్లో వచ్చే వణుకు, ఆగని ఏడుపు, పాలు సరిగ్గా తాగకపోవడం, ఇవి కొన్ని వారాల్లో తగ్గుతాయి, తగ్గగానే గండం గడిచిందని అందరూ ఫాలోఅప్ వదిలేస్తారు, అసలు చూసుకోవాల్సింది ఆ తర్వాతే.

ముందు హాస్పిటల్ నుంచి డిశ్చార్జ్ పేపర్లు అన్నీ తీసుకోండి. అమ్మ ఏ మందు వాడింది, సిగరెట్, ఆల్కహాల్ ఉన్నాయా, హెపటైటిస్ సి ఉందా అని అడగండి. హెపటైటిస్ సి ఉంటే బిడ్డకి 2 నుంచి 6 నెలల మధ్యలో వైరస్ టెస్ట్ చేయించాలని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2023లో చెప్పింది, అంతకుముందు 18 నెలలదాకా ఆగేవాళ్లు, ఈలోపు చాలామంది పిల్లలు టెస్టే లేకుండా జారిపోయేవాళ్లు. కళ్లు కూడా చూపించండి, ఈ పిల్లల్లో మెల్లకన్ను, కళ్లు అదురుతూ ఉండటం మామూలు కంటే ఎక్కువ కనిపిస్తాయి. నాలుగు నెలలు దాటాక కూడా కన్ను పక్కకి పోతుంటే పీడియాట్రీషియన్‌ని స్పెషలిస్ట్‌కి పంపమనండి.

ఎర్లీ ఇంటర్వెన్షన్‌కి (మూడేళ్లలోపు పిల్లల ఎదుగుదలకి సాయం చేసే ప్రభుత్వ సర్వీస్) కాల్ చేయడానికి లోపం కనపడేదాకా ఆగొద్దు ప్లీజ్. డాక్టర్ లెటర్ అక్కర్లేదు, మీరే ఫోన్ చేయొచ్చు, పరీక్షకి డబ్బులు కట్టక్కర్లేదు, ఎలిజిబుల్ అయితే ఫోన్ చేసిన 45 రోజుల్లోపు ప్లాన్ మీటింగ్ పెట్టాలి. ఫోస్టర్ అయితే సంతకం ఎవరు పెట్టాలో కేస్‌వర్కర్‌ని ముందే అడిగి పెట్టుకోండి, పని ఆగేది ఎక్కువగా అక్కడే. ఎలిజిబుల్ కాదంటే కొన్ని నెలలాగి మళ్లీ అడగండి. ఇంట్లో తెలుగు మాట్లాడటం మానేయమని ఎవరైనా చెప్తే వినొద్దు, రెండు భాషల వల్ల మాట ఆలస్యం కాదు, కాకపోతే పరీక్ష చేసేవాళ్లకి రెండు భాషల్లో వచ్చిన మాటలూ కలిపి చెప్పండి.

మూడేళ్లకి ఆ సర్వీస్ ఆగిపోతుంది, కష్టాలేమో స్కూల్లో బయటపడతాయి. టెన్నెసీ పిల్లల మీద 2018లో వచ్చిన స్టడీలో, పుట్టగానే విత్‌డ్రాయల్ వచ్చిన పిల్లలకి స్పెషల్ ఎడ్యుకేషన్ అవసరం ఎక్కువని తేలింది. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో ఇలాంటి పిల్లలకి అయితే మిగతా పిల్లలతో మూడో క్లాస్‌లో ఉన్న మార్కుల తేడా ఏడో క్లాస్‌కి ఇంకా పెరిగింది. అందుకే ధ్యాస నిలవకపోవడం, చెప్పింది గుర్తుండకపోవడం, చిన్నదానికే కోపం, ఇవి కనిపిస్తే అల్లరి అని తిట్టి వదిలేయకుండా స్పెషల్ ఎడ్యుకేషన్ అవసరమా అని ఇవాల్యుయేషన్ చేయమని స్కూల్‌ని రాతపూర్వకంగా అడగండి, నోటిమాటకి రుజువు ఉండదు. పాస్ అవుతున్నాడు కదా అన్న సాకు ఒప్పుకోవద్దు.

ఇదంతా చదివి బిడ్డ భవిష్యత్తు అయిపోయిందని మాత్రం అనుకోకండి. పై లెక్కలు గుంపు మొత్తానివి, వాటిలో పొగ, ఆల్కహాల్, నెలలు నిండకుండా పుట్టడం, ఇళ్లు మారడం అన్నీ కలిసిపోయి ఉన్నాయి, బాగా చదివే పిల్లలూ చాలామంది ఉన్నారు. 1980ల్లో కొకైన్ పిల్లలంటూ వేసిన ముద్రని కూడా తర్వాతి స్టడీలు నిలబెట్టలేదు. కాబట్టి స్కూల్‌కి బిడ్డకి ఏం హెల్ప్ కావాలో చెప్పండి, అమ్మ కథ చెప్పక్కర్లేదు, చుట్టాలకి అసలే వద్దు.

అమ్మలకి ఒక మాట, కాన్పు అయిపోయింది కదా అని మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్ మీ అంతట మీరు ఆపేయొద్దు. మసాచుసెట్స్‌లో చూస్తే ఓవర్‌డోస్‌లు ఎక్కువ జరిగింది కాన్పయ్యాక 7 నుంచి 12 నెలల మధ్య. మీరు బాగుండటం కూడా బిడ్డ ట్రీట్‌మెంట్‌లో భాగమే. మందు తాళం వేసిన పెట్టెలో పెట్టండి, పాకే పిల్లకి కొంచెం మెథడోన్ నోట్లో పడినా ప్రాణం పోవచ్చు. ఇంట్లో నాలోక్సోన్ స్ప్రే (ఓపియాయిడ్ ఓవర్‌డోస్‌కి విరుగుడు, ముక్కులో కొట్టేది) ఉంచండి, 2023 నుంచి ప్రిస్క్రిప్షన్ లేకుండానే ఫార్మసీలో దొరుకుతోంది, బిడ్డ మింగిందని అనుమానం వస్తే స్ప్రే కొట్టి వెంటనే 911కి ఫోన్ చేయండి.